క్లాసులో నోరు విప్పని పిల్లలతో మీరెట్లా మొదలుపెడతారు?

నల్లబల్ల:
అందరికీ నమస్తే. నర్సంపేట వైపు ఒక ఊళ్లో జడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్తాను, పద్నాలుగేళ్లయింది. మొన్న స్టాఫ్ రూంలో కొత్తగా వచ్చిన ఒక సారు "ఎనిమిదో తరగతి పిల్లలు ఏం అడిగినా కిందికి చూస్తరు సార్, గోడకు చెప్పినట్టే ఉంది" అన్నాడు. బెల్లు కొట్టేలోపు ఆయనకు సగమే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను, మీ పద్ధతులు కూడా చెప్తే ఆయనకు చూపిస్తాను.

జూన్‌లో బడి తెరిచాక మొదటి వారం నేను పుస్తకం ముట్టను. పిల్లలకు ఒకటే పని చెప్తాను, నాకు రానిది ఏదైనా ఒకటి నాకు నేర్పాలి. నేర్పాక నేను అందరి ముందు చేసి చూపించాలి, నేను తప్పు చేస్తే క్లాసంతా నవ్వొచ్చు, పర్మిషన్ ఇచ్చేశాను. మొదటి రోజు ఎవరూ లేవరు. రెండో రోజు ఒకడు లేచి కోడిపిల్లల్లో పుంజు ఏదో పెట్ట ఏదో ఎట్లా పట్టుకోవాలో చెప్తాడు, ఇక అక్కడి నుంచి ఆగరు. ఈసారి ఒక పాప బీడీ ఆకు కత్తిరించడం నేర్పింది, ఇంట్లో వాళ్ల నానమ్మ చేస్తుందట. నేను కత్తిరించిన ఆకును వెలుతురుకు పెట్టి చూసి "ఇది కార్ఖానాల పక్కకు పారేస్తరు సార్" అంది. చాలా సీరియస్‌గా అంది, నవ్వలేదు కూడా. నేను పిల్లల పేపర్లు దిద్దేటప్పుడు నా ముఖం అట్లాగే ఉంటుందేమో అనిపించింది.

ఎవరు ఏం నేర్పారో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఏడాదంతా నా లెక్కలు ఆ నోట్‌బుక్‌లో నుంచే వస్తాయి. శాతాలు చెప్పే రోజు వచ్చిందంటే పుస్తకంలోని టీవీ డిస్కౌంటు లెక్క పక్కన పెట్టి, మిర్చి అమ్మిన ఇంట్లో నుంచి తక్‌పట్టీ, అంటే మార్కెట్లో తూకం, ధర రాసిచ్చే చీటీ, తెమ్మంటాను. పోయినేడు ఒక పాప తెచ్చింది. 12 బస్తాలు, 504 కిలోలు, క్వింటాలు 14,000. ఖాళీ బస్తా బరువు ముందే తీసేశారు, దాని తర్వాత మళ్లీ బస్తాకు కిలో చొప్పున తరుగు పట్టారు. "మొదలే తీసినంక మల్ల ఎందుకు తీసిన్రు సార్?" అని ఆ పాపే అడిగింది. నాకేం తెలుసు, లెక్క చెయ్యండి అన్నాను. 12 కిలోలు, 1,680 రూపాయలు, నూటికి రెండు కిలోలకు పైనే పోతోందని తేలింది. తెల్లారి వాళ్ల నాన్న బడికి వచ్చి "ఎవలు సార్ ఈ లెక్క జేసింది" అని అడిగితే నాకు ఒక్క క్షణం టెన్షన్ అయింది గానీ, ఆయన కొట్లాటకు రాలేదు, అంతకు ముందేడు పట్టీ కూడా తెచ్చాడు, అది కూడా చెయ్యమని.

కొత్త_సార్:
అన్నా, ఆ సారు నేను కాదు కానీ నాది కూడా అదే కథ. 2024 డీఎస్సీలో వచ్చాను, ఫిజిక్స్. నేను హైదరాబాద్‌లో పెరిగాను, ఇక్కడ పిల్లలు మాట్లాడేది నాకు సగం అర్థం కాదు, నేను మాట్లాడేది వాళ్లకు సగం అర్థం కాదు. ఇప్పుడు సెప్టెంబర్ వచ్చేసింది, మొదటి వారం ఎప్పుడో దాటిపోయింది. ఇప్పుడు మొదలుపెడితే పిల్లలకు వింతగా ఉండదా? పైగా ఒక క్లాసులో 45 మంది, ఒక్కొక్కరు నేర్పుతూ పోతే నెల పడుతుంది.

ఖాజీపేట_జంక్షన్:
నేను టీచర్‌ని కాను, పదో తరగతి పిల్ల తండ్రిని. సార్లూ, ఏమనుకోవద్దు, ఇవన్నీ వినడానికి బాగానే ఉంటాయి. మా పాప ప్రైవేట్ స్కూల్లో ఉదయం ఏడుకు పోతే సాయంత్రం ఏడుకు వస్తది, ఇప్పటికే సిలబస్ ముప్పావు వంతు అయింది. మీరు వారం రోజులు కోడిపిల్లలు, బీడీ ఆకులు అంటే ఆ పిల్లలు ఎక్కడ పోటీ పడతారు? మార్చిలో పేపర్ ఇచ్చేవాడు తక్‌పట్టీ అడుగుతాడా?

నల్లబల్ల:
ఖాజీపేట అన్నా, మీరు అడిగింది న్యాయమే, మా హెడ్‌మాస్టర్ కూడా మొదటి ఏడు ఇదే అడిగాడు. లెక్క చెప్తాను. ఆ మొదటి వారంలో ఆరు పీరియడ్లు పోతాయి. పిల్లలు నోరు విప్పని క్లాసులో ఒక్కో పాఠం మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చి నేను పోగొట్టుకునేవి దానికి రెండింతలు ఉండేవి. ఇది నా క్లాసు సంగతి, అందరికీ ఇట్లాగే అవుతుందని చెప్పను.

ఇక పదో తరగతి. త్రికోణమితి అనువర్తనాల పాఠంలో ఎప్పుడూ ఒక స్తంభం, ఒక టవర్, దాని నీడ. మా క్లాసులో ఒక గౌడ్స్ పిల్లవాడు ఉండేవాడు, వాళ్ల నాన్న తాటిచెట్లు ఎక్కుతాడు. జూన్‌లో వాడు నాకు నేర్పింది మోకు కట్టడం, చెట్టు ఎక్కేటప్పుడు నడుముకూ చెట్టుకూ చుట్టే తాడు అది. నోట్‌బుక్‌లో అది కనపడింది. అందరినీ చెరువు గట్టు మీది తాటిచెట్టు దగ్గరికి తీసుకుపోయాను. కోణమానినికి ఒక స్ట్రా అంటించి, మధ్యలో దారం కట్టి, దారానికి చిన్న రాయి వేలాడదీశాం. 45 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కి నడవమన్నాను. 45 ఎందుకంటే టాన్ 45 ఒకటి కాబట్టి నేల మీది దూరమే ఎత్తు, ఇంకో సంగతి ఏమిటంటే దారం చూపించే కోణాన్ని 90లో నుంచి తీసెయ్యాలని పిల్లలు మర్చిపోతారు, 45 దగ్గర మర్చిపోయినా నష్టం లేదు. టేపు పెట్టి కొలిస్తే 14 మీటర్ల 20 సెంటీమీటర్లు, చూసినవాడి కంటి ఎత్తు మీటరు నలభై కలిపితే 15.6.

వాడు పక్కన నిలబడి ఏం చూడకుండానే "యాభై రెండు ఫీట్లు ఉంటది సార్" అన్నాడు. ఎట్లారా అంటే, వాళ్ల నాన్న ఆ చెట్టు ఎక్కేటప్పుడు మోకు 26 సార్లు పైకి జరుపుతాడట, ఒక్కోసారికి రెండు ఫీట్లు. 52 ఫీట్లు అంటే 15.85 మీటర్లు. పావు మీటరు తేడా. ఎవరిది కరెక్టు అని గట్టు మీద అరగంట కొట్లాట, చెట్టు కొంచెం వంగి ఉందని ఒకమ్మాయి, ఎక్కేవాడు మట్టలదాకానే పోతాడు గదా అని ఇంకొకడు. ఆ అరగంట నేను ఒక్క మాట మాట్లాడలేదు. మార్చిలో ఆ పాఠం నుంచి వచ్చిన ప్రశ్నను మా వాళ్లు వదిలిపెట్టలేదు.

కొత్త_సార్ తమ్ముడూ, సెప్టెంబర్ అయితే ఏం, రోజుకు ఒక్కరు, క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు చాలు. హాజరు తీసుకునే టైమే.

తెలుగు_టీచరమ్మ:
హన్మకొండ నుంచి. కొత్త సార్ రాసిన భాష సంగతి మీద చెప్తాను, అది నా రోజువారీ బాధ.

మా బడికి వచ్చే పిల్లల్లో సగం మంది తండాల నుంచి వస్తారు. ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలంగాణ తెలుగు, పుస్తకంలో ఇంకో తెలుగు, దాని పక్క పేజీలో ఇంగ్లీషు. 2022 నుంచి పుస్తకాలు రెండు భాషల్లో ఇస్తున్నారు కదా, ఎడమ పక్క ఒకటి కుడి పక్క ఒకటి. పిల్లకు ఒక మాట అనాలంటే నాలుగు గడపలు దాటాలి. అట్లా దాటి ఏదో అన్నాక మనం "వస్తున్న కాదు, వస్తున్నాను అనాలి" అంటే ఇంకోసారి ఆ పిల్ల నోరు తెరుస్తుందా? నేను కూడా అట్లా దిద్దినదాన్నే, మొదటి నాలుగేళ్లు. కాళోజీ ఊళ్లో ఉంటూ, సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవానికి పిల్లలతో ఆయన బొమ్మకు దండ వేయిస్తూ, ఆ మధ్యాహ్నమే క్లాసులో "గట్ల అనొద్దు" అన్నదాన్ని. ఒకసారి ఒక పిల్లవాడు "మరి పొద్దుగాల మైకుల మీరే గట్ల మాట్లాడమన్నరు గదా మేడం" అన్నాడు. స్టాఫ్ రూంలో ఎవరికీ చెప్పలేదు ఈ మాట, ఇక్కడ చెప్తున్నాను.

ఇప్పుడు నా పద్ధతి ఏమిటంటే మాట్లాడేటప్పుడు అస్సలు దిద్దను. రాసేటప్పుడు మాత్రం ఒక వాక్యం వాళ్ల మాటలో, దాని కింద అదే వాక్యం పుస్తకం మాటలో రాయిస్తాను. పరీక్షకు కింది వాక్యం కావాలి, కథ చెప్పడానికి పై వాక్యం కావాలి. రెండు కూడా వచ్చి ఉండాలి. పై వాక్యాలు చదివితే కొన్నిసార్లు కింద పుస్తకం భాషలో రాయడానికి నాకే మాట దొరకదు. "సోయి లేకుంట నడిశింది" అని ఒక పాప రాసింది, సోయి అన్నదాన్ని స్పృహ అని రాస్తే హాస్పిటల్ వాసన వస్తుంది.

ఏజెన్సీ_బడి:
ములుగు అవతల, ఎస్‌జీటీ, అంటే చిన్న తరగతుల టీచర్‌ని. మేడం చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. మా దగ్గర కోయ పిల్లలు. నేను మొదట్లో రోజుకు మూడు కోయ మాటలు నేర్చుకుని బోర్డు మీద రాసేవాణ్ని, పిల్లలు నా స్పెల్లింగులకు మార్కులు వేసేవాళ్లు. నాకు పదికి నాలుగు దాటేవి కావు. మేడారం జాతర ఏడు వచ్చిందంటే వారం రోజులు బడి ఖాళీ, రిజిస్టర్‌లో అన్నీ సున్నాలే, దాని గురించి పోరాడటం మానేశాను. వచ్చాక ఎవరు ఎంత దూరం నడిచారు, ఎంత బెల్లం మోశారు అని గోడ మీద పట్టిక వేయిస్తాను. బెల్లాన్ని బంగారం అనే రాస్తారు పట్టికలో, నేను మార్చను.

పాతకాపు:
నేను రిటైరై పదేళ్లు దాటింది. పరకాల, హుజూరాబాద్, జమ్మికుంట, అన్ని దిక్కుల పనిచేశాను. ఈ తరం సార్లు రాసింది చదువుతుంటే మంచిగ అనిపిస్తుంది, కొంచెం కడుపుల మండుతది కూడా, ఎందుకంటే మాకెవరూ చెప్పలేదు. మాకు తెలిసిన పద్ధతి చింత బరిక. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి 17వ సెక్షన్‌లో పిల్లలను కొట్టొద్దని రాసేదాకా అది తప్పని మాతో ఎవరూ అనలేదు, తల్లిదండ్రులే "సార్, తోలు తియ్యి, కండ్లు మాత్రం వదిలెయ్" అనేవాళ్లు.

ఒక పిల్లవాడు ఉండె, పద్మశాలీల పిల్లగాడు. నోట్‌బుక్కులో సగం పేజీలు ఉండేవి కావు, చించేసేవాడు. మూడు సార్లు చెప్పి నాలుగోసారి కొట్టాను, అరచేతి మీద, గట్టిగా. వాడు ఏడ్వలేదు. తర్వాత నెలకో ఎప్పుడో వాళ్ల చెల్లె రెండో తరగతిలో చేరితే, ఆ పిల్ల చేతిలో దారంతో కుట్టిన పుస్తకం ఉంది, అన్న నోట్‌బుక్కు పేజీలే. అప్పటికి వాడు బడి మానేసి మేనమామ వెంట భీవండికి పోయిండు. పవర్‌లూమ్ మీద. నేను అడిగి ఉండాల్సింది ఒక్క మాట, పేజీలు ఎటు పోయినయ్ రా అని.

అంతే, ఇంకేం రాయలేను ఈ రాత్రి.

చలివాగు:
పాతకాపు సార్, మీరు రాసింది చదివి ఫోన్ పక్కన పెట్టి మళ్లీ వచ్చాను.

నాకు ఒక డౌటు ఉంది, నల్లబల్ల సార్‌కు. నేను చిన్నప్పుడు చివరి బెంచి పిల్లవాణ్ని. మీ క్లాసులో నేను ఉంటే, "నాకు రానిది నేర్పు" అంటే నాకు చెమటలు పట్టేవి. ఎందుకంటే నాకేం రాదని నేను నమ్మిన వయసు అది. మా ఇంట్లో కోళ్లు లేవు, పొలం లేదు, అమ్మ ఇళ్లల్లో పని చేసేది. నలభై మంది ఏదో ఒకటి నేర్పాక నేనొక్కణ్ని మిగిలిపోతే అది మామూలు రోజు కంటే ఎక్కువ అవమానం. అట్లాంటి పిల్లలు మీకు తగల్లేదా? తగిలితే ఏం చేశారు?

ఇంకొకటి, బీడీ ఆకు, మిర్చి, తాటిచెట్టు ఇవన్నీ క్లాసులోకి తెస్తే, పనికి పోవడమే గొప్ప అని పిల్లలు అనుకోరా?

నల్లబల్ల:
రెండూ తగిలాయి. రెండోదానికి ముందు చెప్తాను, ఎందుకంటే అందులో నేను ఓడిపోయాను.

అక్టోబర్ నుంచి పత్తి ఏరడం, జనవరి నుంచి మిర్చి ఏరడం. ఆ రోజుల్లో నా క్లాసులో పది పన్నెండు మంది మాయమవుతారు. తిరిగొచ్చిన పిల్లను "ఎందుకు రాలేదు" అని అడగడం మానేసి "ఎన్ని కిలోలు ఏరినవ్" అని అడుగుతాను, అప్పుడు దాచుకోవడానికి ఏమీ ఉండదు, ఎక్కడ పాఠం తెగిందో కూర్చుని చూసుకోవచ్చు. కానీ రెండేళ్ల కింద ఒకడు, చాలా చురుకైనవాడు, నేను నేర్పిన లెక్కలతోనే నాకు చూపించాడు, ఇంటర్ చదివి ఖాళీగా ఉన్న వాళ్ల అన్న కంటే తను ట్రాక్టర్ మీద పోతే నెలకు ఎంత ఎక్కువో. లెక్కలో తప్పు లేదు. ఇంటికి మూడుసార్లు పోయాను. తొమ్మిదో తరగతి మధ్యలో పోయాడు. ఇప్పుడు దారిలో ఎదురైతే ట్రాక్టర్ ఆపి నమస్తే పెడతాడు, నాకు తల ఎత్తి చూడాలంటే కష్టంగా ఉంటుంది.

ఆ తర్వాత నుంచి ఎనిమిదో తరగతిలోనే ఎన్‌ఎంఎంఎస్ మాట ఎత్తుతున్నాను. సర్కారు బడి ఎనిమిదో తరగతి పిల్లలు రాసే స్కాలర్‌షిప్ పరీక్ష, మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టులు 90 ప్రశ్నలు. ఇంట్లో ఏడాది ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏడాదికి 12,000. ఇది తల్లులకు చెప్పాలంటే నేను ఇట్లా చెప్తాను, "అమ్మా, కూలి రోజుకు 300 అనుకుంటే ఇది నలభై రోజుల కూలి, ఆ నలభై రోజులు పిల్లను నాకు ఇయ్యి." ఒకామె వేళ్ల మీద లెక్కపెట్టుకుని సరే అంది. బ్యాంకు ఖాతా, ఆదాయం సర్టిఫికెట్ కోసం తిరగడమే అసలు పరీక్ష, పిల్ల రాసేది తర్వాత. ఈ కాగితాల పని మనం పక్కన ఉండి చేయించకపోతే అక్కడే ఆగిపోతుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. ఉన్నాడు ఒకడు, మీరు చెప్పినట్టే. "నాకేం రాదు సార్" అన్నాడు, మూడు రోజులు అదే మాట. నేను కూడా అందరి ముందు మళ్లీ మళ్లీ అడిగాను, అది నా తప్పు, ఇప్పుడైతే అడగను. నాలుగో రోజు నేను బోర్డు మీద రాస్తుంటే బయట బండి చప్పుడు వచ్చింది. వాడు తల ఎత్తకుండానే పక్కవాడితో "హెడ్‌మాస్టర్ సార్, చైన్ సాగింది" అన్నాడు. కిటికీలో నుంచి చూస్తే నిజంగా ఆయనే. సాయంత్రం ఆగమని, ఎట్లా తెలిసిందిరా అంటే, వాళ్ల ఇంటి ముందు మెకానిక్ షాపు ఉందట, బడి అయిపోయాక అక్కడే కూర్చుంటాడట. అది తనకు వచ్చిన విద్య అని వాడికి తట్టలేదు. మర్నాడు ఐదు బండ్లు, మా స్టాఫ్‌వే, ఒకదాని తర్వాత ఒకటి గేటు బయట స్టార్ట్ చేయించాను, క్లాసు కళ్లు మూసుకుంది. వాడికి ఐదుకు ఐదు, నాకు ఒకటి, అది కూడా నా బండి.

పదిలో లెక్కల్లో వాడికి 41 వచ్చాయి. ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశాడు. పాలిటెక్నిక్ రాయమన్నాను, వినలేదు.

ఖాజీపేట_జంక్షన్:
నేను మొన్న కొంచెం దురుసుగా రాశాను, సారీ సార్లూ. నిన్న మా పాపను అడిగాను, నాకు రానిది ఏమన్నా నేర్పు బేటా అని. "రేపు స్లిప్ టెస్ట్ ఉంది డాడీ" అంది. అంతే. ఏం చెప్పాలో తెలియక టీవీ బంద్ చేసి కూర్చున్నాను.

తెలుగు_టీచరమ్మ:
అన్నా, ఆదివారం అడగండి. పరీక్ష లేని పూట అడిగితే చెప్తుంది. చెప్పినప్పుడు నిజంగా నేర్చుకోండి, మధ్యలో ఫోన్ చూడొద్దు.

కొత్త_సార్:
అందరికీ థాంక్స్. రెండు వారాలు చేశాక రాస్తున్నాను. రోజుకు ఒక్కరు, ఐదు నిమిషాలు అనుకున్నది పది అవుతోంది, అయినా నడుస్తోంది. ఒకడు వడిసెల తిప్పడం నేర్పాడు, అదే పట్టుకుని వృత్తాకార చలనం చెప్పేశాను, రాయి వదిలేస్తే ఎటు పోతుందని అడిగితే పుస్తకం చదివిన వాళ్లంతా తప్పు చెప్పారు, వడిసెల తిప్పిన ముగ్గురు మాత్రం కరెక్టుగా చెయ్యి చాపి చూపించారు. (ఒక రాయి వంటగది రేకుల మీద పడింది, మధ్యాహ్న భోజనం అక్కలు ఇంకా నన్ను తిడుతున్నారు, కోడిగుడ్డు చిన్నది వేస్తున్నారు.)

బతుకమ్మ దగ్గరికొచ్చింది కదా, నిన్న ఒక పాప తంగేడు పూలు కట్ట కట్టి పేర్చడం నేర్పింది. నాకు మూడుసార్లు ఊడిపోయింది. క్లాసంతా పడీ పడీ నవ్వారు. మూడోసారి ఊడినప్పుడు వెనక బెంచి నుంచి ఒకడు లేచి వచ్చాడు. జూన్ నుంచి వాడి గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. వచ్చి నా చేతిలో దారం తీసుకుని, కాడలన్నీ సమానంగా కొట్టి, రెండు చుట్లు చుట్టి, కొసను పళ్లతో తెంపి, నా చేతిలో పెట్టి పోయి కూర్చున్నాడు. ఏం మాట్లాడలేదు. నేను కూడా ఏం అడగలేదు అన్నా, అడగాల్సిందా?

నల్లబల్ల:
అడగకపోవడమే మంచిదైంది. నోట్‌బుక్‌లో వాడి పేరు పక్కన రాసిపెట్టుకో. సోమవారం దారం వాడినే తెమ్మను.